పెద్దయ్యాక మళ్లీ వీడియో గేమ్స్ ఆడాలంటే: కన్సోల్ కొనడం చివరి పని

వేసవి సెలవుల్లో టీవీ వెనకాల పసుపు, తెలుపు వైర్లు తగిలించి మారియో, కాంట్రా, ట్యాంకుల గేమ్ ఆడి, తర్వాత ఇంటర్, ఎంసెట్, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అంటూ కంట్రోలర్ ముట్టుకోకుండానే ఇరవై ఏళ్లు గడిపేసినవాళ్లు మనలో చాలామంది. మళ్లీ ఆడాలనిపిస్తోందా, తప్పకుండా ఆడండి, పిల్లలున్నవాళ్లు ఆడకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. కానీ దయచేసి కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్, కొనడంతో మొదలుపెట్టకండి. యాభై వేలకు అటూ ఇటూగా పెట్టి సోనీ వాళ్ల పీఎస్5 (ప్లేస్టేషన్ 5) తెచ్చి, ఎవరో బాగుందన్నారని వంద గంటల గేమ్ ఒకటి పెట్టి, మొదటి గంటలోనే బటన్లు అర్థంకాక పక్కన పెట్టేస్తే ఆ పెట్టె మీద దుమ్ము తప్ప ఏమీ మిగలదు. ముందు ఆట, తర్వాత అలవాటు, ఆ తర్వాతే మెషీన్.

మీకు బాగా వచ్చిన పాత ఆటతోనే మొదలుపెట్టండి. ఎడమ బొటనవేలితో దిక్కులు, కుడి బొటనవేలితో దూకడం, కాల్చడం, ఇది చేతులకు ఇంకా గుర్తుంటుంది. ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ దీనికి చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఒక యూఎస్‌బీ కంట్రోలర్ కొనుక్కుంటే సరిపోతుంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో కోనామీ వాళ్ల కాంట్రా యానివర్సరీ కలెక్షన్ ఉంది, 2019లో వచ్చింది, మనం టీవీలో ఆడిన కాంట్రా అందులో అలాగే ఉంది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ కొడితే ముప్ఫై లైఫులు వచ్చే కిటుకు కూడా పనిచేస్తుంది. మనం ట్యాంకుల గేమ్ అనుకున్నది నామ్‌కో వాళ్ల బ్యాటిల్ సిటీ, 1985 నాటిది, అది నామ్‌కో మ్యూజియం ఆర్కైవ్స్ రెండో భాగంలో దొరుకుతుంది. ఇందులో ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, పొరపాటున చస్తే ఆటను కాస్త వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. అప్పట్లో కరెంటు పోతే మొదటి స్టేజీ నుంచి మళ్లీ ఆడాల్సి వచ్చేది కదా, ఇప్పుడు ఆ బాధ లేదు, ఈ సదుపాయాలన్నీ నిస్సంకోచంగా వాడుకోండి. మారియో మాత్రం నింటెండో మెషీన్ ఉంటేనే. వాళ్ల కన్సోల్ స్విచ్ ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ మెంబర్‌షిప్‌తో 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ వస్తుంది.

రెండు మూడు వేలకు వేల గేములు అంటూ అమ్మే, టీవీకి నేరుగా గుచ్చి ఆడే హెచ్‌డీఎంఐ స్టిక్కులు నేనైతే కొనొద్దంటాను. వాటిలో చాలావరకు అనుమతి లేకుండా కాపీ కొట్టినవే, పైగా వాటి కంట్రోలర్లలో బటన్ నొక్కినదానికీ మారియో ఎగిరినదానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, అంత బాగా తెలిసిన ఆటే చేతికి పరాయిదైపోతుంది.

అటక మీద పాత పెట్టె, క్యాసెట్లు ఇంకా ఉన్నవాళ్లు అదృష్టవంతులు, వాటిని పారేయకండి. క్యాసెట్‌లోకి నోటితో ఊదే అలవాటు మాత్రం మానుకోండి, ఊపిరిలోని తేమకు లోపలి పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవులు తుడుచుకునే దూది ఇయర్‌బడ్ ముంచి పిన్నులు మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. అడాప్టర్ పోయి ఉంటే చేతికి దొరికింది గుచ్చేయకుండా పెట్టె కింద రాసి ఉన్న వోల్టేజీ, ప్లస్ మైనస్ గుర్తులు చూసి అలాంటిదే తెచ్చుకోవాలి. బాతుల్ని కాల్చే తుపాకీ ఉంటే అది ఇప్పటి టీవీల మీద పనిచేయదు, తుపాకీ పాడైందని అనుకోవద్దు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం కనిపిస్తుంది, తుపాకీలోని సెన్సర్ సరిగ్గా ఆ క్షణంలో ఆ వెలుగును పట్టుకోవాలి. ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. పాత డబ్బా టీవీ ఒకటి దొరికితే మళ్లీ బాతులు పడతాయి.

ఈ ఆలస్యం సంగతి తుపాకీతో అయిపోదు, అన్ని ఆటలకీ అదే తిప్పలు, అందుకే అందరూ వదిలేసే టీవీ సెట్టింగ్ గురించి కాస్త వివరంగా చెబుతాను. సినిమాలు, క్రికెట్ బాగా కనబడటానికి టీవీ ప్రతి ఫ్రేమునూ నున్నగా చేసి, రంగులు దిద్ది చూపిస్తుంది, దానికి టైమ్ పడుతుంది. సెకనుకు అరవై ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లు, కొన్ని టీవీల్లో ఈ దిద్దుబాట్లకే వంద మిల్లీసెకన్లు దాటిపోతుంది, అంటే మీరు దూకమన్నాక ఆరు ఫ్రేముల తర్వాత గానీ దూకినట్టు కనబడదు. గోతిలో పడిన ప్రతిసారీ వయసు మీద పడింది, రిఫ్లెక్సులు పోయాయి అనుకునేవాళ్లు ముందు టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌కి వెళ్లి, ఈ దిద్దుబాట్లను తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేయండి. కొన్ని కొత్త టీవీలు కన్సోల్ పెట్టగానే వాటంతటవే మారతాయి, అయినా ఒకసారి చూసుకోవడం మంచిది. సౌండ్ బ్లూటూత్ స్పీకర్‌లో పెడితే అదీ ఆలస్యంగానే వస్తుంది, వైరున్న స్పీకరో, టీవీ స్పీకరో వాడండి.

పాత ఆటలు చేతికొచ్చాక త్రీడీలోకి వెళ్లండి. మన తరం వాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఎడమ స్టిక్‌తో మనిషి నడుస్తాడు, కుడి స్టిక్‌తో కెమెరా, అంటే మనం చూసే వైపు, తిరుగుతుంది, రెండూ ఒకేసారి చేయాలి, సైకిల్ నేర్చుకున్నప్పుడు తొక్కడం, బ్యాలెన్స్ కలిసినట్టే ఇదీ ఒకరోజు కలుస్తుంది. అప్పటిదాకా శత్రువులూ తుపాకులూ లేని ఆటలో తిరగండి. ఎ షార్ట్ హైక్ అని 2019లో వచ్చిన చిన్న గేమ్ ఉంది, ఒక పక్షి పిల్ల కొండెక్కుతుంది, కెమెరాను చాలావరకు ఆటే చూసుకుంటుంది, రెండు మూడు గంటల్లో అయిపోతుంది, మొదటి త్రీడీ ఆటగా నాకు దానికంటే మంచిది కనబడలేదు. కళ్లు తిరిగి వికారంగా అనిపిస్తే అదేమీ జబ్బు కాదు, చాలామందికి అవుతుంది. సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్, కెమెరా షేక్ ఆపేసి, కెమెరా వేగం తగ్గించి, గదిలో లైటు వేసి, టీవీకి కాస్త దూరంగా కూర్చోండి. అయినా తగ్గకపోతే ఆ రోజుకి ఆపేయడమే, ఓర్చుకుని ఆడితే ఇంకా పెరుగుతుంది.

డిఫికల్టీ అడిగినప్పుడు ఈజీ పెట్టండి. 2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్‌లో అన్నిటికంటే తేలికైన స్థాయి పేరు ఫ్రెండ్లీ, అదే ఏడాది వచ్చిన గాడ్ ఆఫ్ వార్‌లోనైతే కథ మాత్రం చాలు అనుకునేవాళ్ల కోసమే ఒక స్థాయి పెట్టారు. అంటే మనలాంటి వాళ్లు వస్తారని తయారుచేసినవాళ్లే ఆలోచించి పెట్టిన తలుపది, లోపలికి వెళ్లడానికి మొహమాటమెందుకు?

టైమ్ విషయానికొస్తే, పిల్లలు పడుకున్నాక నలభై నిమిషాలు దొరికితే గొప్ప. ఆ నలభై నిమిషాల్లో ముప్పై అప్‌డేట్‌కే పోతే ఎంత విసుగో ఆడినవాళ్లకు తెలుసు. ఇప్పటి పెద్ద గేములు యాభై నుంచి వంద జీబీ దాకా ఉంటాయి, డౌన్‌లోడ్లు, అప్‌డేట్లు ముందు రోజు రాత్రే పెట్టేసుకోండి. ఒకేసారి ఒక్క గేమే ఆడండి, సేల్‌లో చవగ్గా వస్తున్నాయని పది కొనిపెట్టుకుంటే ఏదీ పూర్తికాదు. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కిస్తారు, కాబట్టి కొన్న వారంలోనే ఆడి చూసి నచ్చకపోతే తిరిగిచ్చేయండి. చిన్న ఆటలు మన బతుకులకు బాగా సరిపోతాయి. వెన్బా అని 2023లో వచ్చింది, కెనడాకు వలసవెళ్లిన తమిళ కుటుంబం కథ, ఇడ్లీలు, బిర్యానీ వండుతూ ముందుకెళ్లాలి, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అమెరికాలోనో కెనడాలోనో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్లు దాన్ని తప్పకుండా ఆడాలి.

ఒక్కరే ఆడాలని కూడా ఏమీ లేదు. అప్పుడు రెండో రిమోట్ కోసం తమ్ముడితో కొట్లాడేవాళ్లం, ఆ తమ్ముడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడనుకోండి, ఇట్ టేక్స్ టూ అనే గేమ్ ఒకరు కొంటే చాలు, రెండోవారు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా చేరి ఆడొచ్చు. అసలు ఆ ఆటను ఒక్కరే ఆడటం కుదరదు, ఇద్దరూ ఉండాల్సిందే. మనకు ఆదివారం ఉదయం, వాళ్లకు శనివారం రాత్రి, ఇద్దరికీ కుదిరే టైమ్ అదే. ఇంట్లో భార్యో భర్తో పిల్లలో చేరతానంటే రెండో కంట్రోలర్ వాళ్ల చేతికివ్వండి, ఎలా ఆడాలో మాత్రం పక్కనుంచి అదేపనిగా చెప్పకండి, తప్పులు వాళ్లనే చేయనివ్వండి.

ఇలా రెండు మూడు ఆటలు చివరిదాకా ఆడి, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు కన్సోల్ చూడండి. ఆ ఆటల్లో మీకు నచ్చినవి ఎలాంటివో అప్పటికి తెలిసుంటుంది, అవి ఏ మెషీన్‌లో వస్తే అదే మీ కన్సోల్. పీఎస్5 కొనేట్టయితే డిస్క్ పెట్టుకునేది తీసుకోండి, ఆడేసిన డిస్క్ మళ్లీ అమ్ముకోవచ్చు. పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ అందులో ఆడతాయి, పీఎస్2 డిస్కులు ఆడవు. మొదటిసారికి సెకండ్ హ్యాండ్ పీఎస్4 కూడా మంచి ఎంపికే, స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్ రెండూ దానికోసం వచ్చినవే. కొనే ముందు అమ్మేవాళ్ల ఇంట్లోనే అరగంట ఆడి చూడండి: ఫ్యాన్ మరీ గోల పెడుతోందా, డిస్క్ లోపలికీ బయటికీ సరిగ్గా వస్తోందా, హెచ్‌డీఎంఐ వైరు కదిపితే బొమ్మ పోతోందా, స్టిక్ వదిలేశాక కూడా మనిషి తనంతట తానే నడుస్తున్నాడా. తర్వాత మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మీ అకౌంట్‌తో లాగిన్ అయి ఆన్‌లైన్‌కి వెళ్తోందో లేదో చూడండి, కంపెనీ బ్యాన్ చేసిన మెషీన్ అయితే అక్కడే తెలిసిపోతుంది, డబ్బులు అదంతా అయ్యాకే ఇవ్వండి.