ఎమ్మారై కాంట్రాస్ట్‌కి అయస్కాంత నానోకణాలు చేసేదెలా

గిండీ, అడయార్ ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు ముందు ఫెర్రిక్ క్లోరైడ్ (ఇనుప లవణం) సీసా మూత బిగించడం నేర్చుకోండి, చెన్నై తేమకి అది చూస్తుండగానే జిగురుముద్దయి తూకం తప్పుతుంది. మోల్స్ లెక్కన ఫెర్రస్ లవణం ఒక వంతు, ఫెర్రిక్ రెండు వంతులు నీళ్లలో కలిపి, నైట్రోజన్ పంపుతూ, జోరుగా తిప్పుతూ అమ్మోనియా పోస్తే నారింజ రంగు ద్రావణం కాస్తా నల్లబడుతుంది, ఆ నలుపే మనకి కావాల్సిన ఐరన్ ఆక్సైడ్ కణాలు. సైజు మీదే అంతా: 5 నానోమీటర్ల లోపు కణాలైతే టీ1 అనే రకం ఎమ్మారై స్కాన్‌లో తెల్లగా మెరిపిస్తాయి, పెద్దవైతే టీ2 అనే రకంలో నల్లబరుస్తాయి. కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా వేసే పూతకి సిట్రేట్ చవకే గానీ ఉప్పు తగిలితే గడ్డకట్టే బెడద ఉంది, నా ఓటు డెక్స్‌ట్రాన్ (చక్కెర పాలిమర్)కో పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్)కో. ఉత్త నీళ్లలో బాగుందని మురిసిపోకండి, సెలైన్‌లో, రక్తపు సీరంలో రాత్రంతా ఉంచి పొద్దున్నే డీఎల్ఎస్ (కాంతి చెదరడాన్ని బట్టి కణాల సైజు కొలిచే పరీక్ష) మళ్లీ చూడండి, సైజు పెరిగిందంటే పూత చాలలేదన్నమాట.