ఊరి జట్టు ఊళ్లోనే నిలవాలంటే: నడిబొడ్డున ఇండోర్ కోర్టు సాధించుకునే పద్ధతి

ఏటా జూన్ నెల వచ్చేసరికి మా బాస్కెట్‌బాల్ జట్టులో ఇద్దరో ముగ్గురో తగ్గిపోతారు. పదో తరగతి, ఇంటర్ పూర్తయిన పిల్లల్లో ఆట బాగా పట్టుబడినవాళ్లు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతారు. కారణం అడిగితే చదువు అంటారు గానీ, ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటితే సిమెంటు కోర్టు మీద నిలవనివ్వని ఎండ, సెప్టెంబరులో వాన వెలిసిన మరునాటికి కూడా ఆరని నీళ్లు, పొద్దుగూకితే బంతి కనిపించని చీకటి కూడా ఆ కారణంలో భాగమేనని వాళ్ల అమ్మానాన్నలకు తెలుసు. అందుకే కర్నూలు నడిబొడ్డున ఒక ఇండోర్ కోర్టు వస్తే జట్టు ఇక్కడే నిలుస్తుందన్న ఆశ మాలో చాలామందికి ఉంది. ఆశపడడంలో తప్పు లేదు. అయితే భవనం దానంతట అది ఏ జట్టునూ ఆపదు. దాన్ని ఎక్కడ కడతారు, ఏ కొలతలతో కడతారు, ఎవరి కోసం ఏ వేళల్లో తెరిచి ఉంచుతారు అన్న సంగతులు కాగితం మీద పడితేనే ఆపగలుగుతుంది. ఆ కాగితాన్ని సాధించే పద్ధతి, అందులో మేము వేసిన తప్పటడుగులతో సహా, ఇక్కడ రాస్తున్నాను. అనంతపురం, కడప మిత్రులకు కూడా ఇది చాలావరకు పనికివస్తుంది.

సియాటిల్ ఎందుకు ఓడింది, శాక్రమెంటో ఎందుకు గెలిచింది

అర్జీ రాయడానికి ముందు ఈ రెండు ఊళ్ల కథ తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే కొత్త అరీనా, అంటే వేలమంది కూర్చుని చూసే పెద్ద ఇండోర్ స్టేడియం, కట్టిస్తే జట్టు ఉంటుందన్న మాట అమెరికాలో తరచుగా వినిపిస్తుంది, అది సగమే నిజం. సియాటిల్ నగరానికి 1967 నుంచి సూపర్‌సోనిక్స్ అనే జట్టు ఉండేది. 1979లో అది అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో విజేతగా కూడా నిలిచింది. 1995లో అక్కడి పాత అరీనాను పునర్నిర్మించి కీ అరీనా అన్న పేరుతో తెరిచారు. పదకొండేళ్లు తిరిగేసరికి, 2006లో, జట్టు ఓక్లహోమా సిటీకి చెందిన యజమానుల చేతికి పోయింది. ఉన్న అరీనా చాలదు, కొత్తది కావాలని వాళ్లు పట్టుబట్టారు. అందుకు ప్రజాధనం దొరకలేదు. చివరికి 2010 వరకు లీజు ఉన్నప్పటికీ 2008లోనే నగరంతో 4.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుని జట్టును తరలించుకుపోయారు. అరీనా ఉంది, లీజు ఉంది, అభిమానులు ఉన్నారు, అయినా సొమ్ము కట్టి తప్పుకునే దారి ఒకటి మిగిలిపోయింది.

శాక్రమెంటోలో 2013లో ఇదే ప్రమాదం వచ్చింది. అక్కడి కింగ్స్ జట్టును కొని సియాటిల్‌కు తీసుకుపోవడానికి ఒక బృందం సిద్ధపడగా, స్వయంగా మాజీ ఎన్‌బీఏ ఆటగాడైన మేయర్ కెవిన్ జాన్సన్ ఊళ్లోనే ఉంచే కొనుగోలుదారులను కూడగట్టాడు, అభిమానులు సీజన్ టికెట్లు కొంటామని ముందుగానే మాట ఇచ్చారు, లీగ్‌లోని ఇతర జట్ల యజమానులు 22–8 ఓట్లతో తరలింపును తోసిపుచ్చారు. ముంబైలో పుట్టిన వివేక్ రణదివే నాయకత్వంలోని బృందం జట్టును కొన్నది, 2016లో ఊరి నడిమధ్యన గోల్డెన్ 1 సెంటర్ తెరుచుకుంది. ఇక సియాటిల్ నుంచి జట్టును తెచ్చుకున్న ఓక్లహోమా సిటీ కూడా ఆ భయం నుంచి తప్పించుకోలేదు. కొత్త అరీనా కోసం ఆరేళ్లపాటు ఒక శాతం అమ్మకపు పన్ను కట్టడానికి 2023 డిసెంబరులో అక్కడి ఓటర్లు ఒప్పుకున్నారు; దానికి బదులుగా 2050 వరకు ఊరు విడిచి పోనని జట్టు నుంచి మాట తీసుకున్నారు.

మన పరిస్థితికి, వాళ్ల పరిస్థితికి ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ జట్టుకు యజమాని ఉంటాడు కాబట్టి ఒప్పందం జట్టును కట్టిపడేస్తుంది. ఇక్కడ జట్టు ఎవరి ఆస్తీ కాదు. అది పదిహేను పదహారేళ్ల పిల్లల గుంపు, వాళ్లను ఏ షరతుతోనూ కట్టిపడేయలేము, కట్టిపడేయకూడదు కూడా. మనం షరతులు పెట్టవలసింది భవనానికి. 1953 అక్టోబరు 1న రాజధానిని పొంది, 1956 నవంబరు 1న దాన్ని హైదరాబాదుకు అప్పగించిన ఊరివాళ్లం మనం. గట్టి కాగితం లేని ఆశ ఎన్నాళ్లుంటుందో మన తాతలకు తెలుసు.

స్థలం, కొలతలు

బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. గీత దాటిన ఆటగాడు గోడకు గుద్దుకోకుండా నాలుగు వైపులా రెండేసి మీటర్లు ఖాళీ వదలాలి కాబట్టి నికరంగా 32 మీటర్ల పొడవు, 19 మీటర్ల వెడల్పు కావాలి. ఇది 608 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు పదిహేను సెంట్లు. ఈ పదిహేను సెంట్ల మాట అధికారుల ముందు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే స్టేడియం అనగానే వాళ్ల మనసులో ఐదారు ఎకరాలు మెదులుతాయి, ఊరి మధ్యలో అంత స్థలం ఎక్కడుందని వెంటనే చేతులెత్తేస్తారు. నాలుగు వరసల మెట్లు, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, సైకిళ్లు నిలిపే చోటు కలుపుకున్నా అర ఎకరంలో సర్దుకోవచ్చునని మా లెక్క.

ఊరి బయట విశాలమైన స్థలం ఉచితంగా ఇస్తామన్నా ముందు ఒప్పుకోవద్దని నా సలహా. కల్లూరు నుంచి ఒక అమ్మాయి, నంద్యాల చెక్‌పోస్టు వైపు నుంచి ఇంకొకరు, సి క్యాంపు నుంచి మరొకరు షేర్ ఆటోల్లో వచ్చి, ఆడుకుని, ఏడు గంటలకల్లా ఇల్లు చేరగలగాలి. రాజ్‌విహార్ సెంటరుకో కొండారెడ్డి బురుజు పరిసరాలకో రెండు కిలోమీటర్లలోపు ఉంటేనే అది సాధ్యం. జాతీయ రహదారి పక్కన ఎంత అందమైన స్టేడియం కట్టినా, చీకటి పడ్డాక ఆడపిల్లను అక్కడికి పంపే తల్లి ఉండదు, జట్టులో సగం అక్కడే పోతుంది.

కొలతల్లో అందరూ బోల్తాపడేది ఎత్తు దగ్గర. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది గానీ, దూరం నుంచి వేసిన బంతి దానికి చాలా పైనుంచి పోతుంది. అందుకే పైన కనీసం 7 మీటర్లు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. ఆ 7 మీటర్లను కప్పు శిఖరం దాకా కాకుండా, ట్రస్ (కప్పును మోసే ఇనుప చట్రం) కింది కమ్మీ దాకా, దానికి వేలాడే దీపం దాకా కొలవాలి. మేము చూసిన ఒక ఎస్టిమేటులో శిఖరం దగ్గర ఏడున్నర మీటర్లు ఉంది, కమ్మీ దగ్గర ఐదున్నరే ఉంది. గీసిన ఇంజనీరు మంచివాడే, ఆయన మనసులో ఉన్నది షటిల్ హాలు. షటిల్ కోర్టు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు మాత్రమే; బాస్కెట్‌బాల్ కోర్టు దానికి ఐదింతలు. ఇండోర్ స్టేడియం అన్న రెండు మాటలు రాసి ఊరుకుంటే షటిల్ హాలే వస్తుంది. కాబట్టి అర్జీలో ‘32 × 19 మీటర్ల నేల, మధ్యలో పిల్లర్లు లేకుండా, ట్రస్ కింద 7 మీటర్ల ఎత్తుతో’ అని అంకెలతో రాయాలి. రేకుల కప్పు అయితే వేడి ఆపే పొర వేయాలని, పైన గాలికి తిరిగే వెంటిలేటర్లు పెట్టాలని కూడా చేర్చండి. కర్నూలు ఎండలో అవి లేని హాలు సిమెంటు కోర్టు కన్నా కష్టం.

అర్జీ

మొదట కావలసింది స్థలం వివరం. నగరపాలక సంస్థకు సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, కార్పొరేషన్ పరిధిలో ఆటస్థలాలుగా, ఖాళీ స్థలాలుగా నమోదైన భూముల సర్వే నంబర్లు, విస్తీర్ణం, ప్రస్తుత వినియోగం అడగండి. ఎందుకు కట్టలేదు, ఎప్పుడు కడతారు వంటి ప్రశ్నలు వేయవద్దు. చట్టం ఉన్న రికార్డును ఇప్పిస్తుంది, సంజాయిషీని ఇప్పించదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తరవాతి ముప్పై రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి.

జాబితా చేతికి వచ్చాక ఆదివారం ఉదయం టేపు పట్టుకుని తిరగండి. కాగితం మీద ఖాళీగా ఉన్న చోట కొబ్బరిబోండాల బండ్లు, ఆటో స్టాండు, గుడిసెలు ఉండవచ్చు. ఎవరి బతుకుదెరువునో లేపేసి కోర్టు కట్టమని అడగడం న్యాయం కాదు, పైగా అలాంటి స్థలం కోర్టు కేసుల్లో పదేళ్లు మగ్గుతుంది. నిజంగా ఖాళీగా ఉన్న రెండు స్థలాలను ఎంచుకుని, ఫొటోలు తీసి, వాటికి మాత్రమే పరిమితం కండి.

అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు. మా మొదటి అర్జీ రెండు పేజీలు ఉండేది. అందులో కోర్టు, కోచ్, క్రీడా సామగ్రి, బస్ పాసులు అన్నీ కలిపి అడిగాము. ఆవరణలో చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిచ్చే పెద్దాయన దాన్ని కళ్లద్దాలు పైకెత్తి చదివి, “ఒకటే అడగాలప్పా, నాలుగు అడిగితే నాలుగు టేబుళ్లకు పోతాది” అన్నాడు. మేము వినలేదు. ఆయన చెప్పినట్టే ఆ కాగితం ముక్కలై ఒక్కొక్క విభాగానికి పోయింది, ఆరు నెలల తరవాత బస్ పాసుల గురించి మాత్రం జవాబు వచ్చింది. రెండోసారి ఒకే పేజీ రాసి, స్థలం, కొలతలు, సంతకాలు జతచేశాము. రసీదు సంఖ్యను భద్రపరచండి. మళ్లీ వెళ్లినప్పుడు ఆ సంఖ్య చెప్పకపోతే మీరు కొత్తగా వచ్చినట్టే. సంతకాల్లో ఆటగాళ్లవి కాక తల్లిదండ్రులవి ఎక్కువ ఉండేలా చూడండి, ఎందుకంటే పదిహేనేళ్ల పిల్లలకు ఓటు లేదు.

డబ్బు

పార్లమెంటు సభ్యునికి నియోజకవర్గ అభివృద్ధి నిధి కింద ఏడాదికి 5 కోట్ల రూపాయలు ఉంటాయి, క్రీడా సదుపాయాలకు వాటిని సిఫారసు చేయవచ్చు. కంపెనీల చట్టం, 2013 ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఒలింపిక్ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది, బాస్కెట్‌బాల్ ఒలింపిక్ క్రీడే. ఈ రెండు తలుపులూ తట్టండి, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ అయిన శాప్‌కు కూడా ప్రతి పంపండి.

కట్టడానికి డబ్బు దొరకడం కన్నా నడపడానికి దొరకడం కష్టం. కరెంటు బిల్లు, కాపలాదారు జీతం, చెక్క నేల మరమ్మతు ఏ పద్దు నుంచి వస్తాయో ముందే తేల్చుకోవాలి. సాన్ ఆంటోనియోలో 2025 నవంబరులో స్పర్స్ జట్టు కొత్త అరీనా ఓటుకు వచ్చినప్పుడు, కౌంటీ వాటాను హోటల్ గదులు, అద్దె కార్ల మీది పన్ను నుంచి ఇస్తామని ముందే చెప్పి ఓట్లు అడిగారు. అది మంచి పద్ధతో కాదో ఆ ఊరివాళ్లు వాదించుకుంటారు గానీ, డబ్బు ఎక్కడిదో ముందే చెప్పడం మాత్రం మనం నేర్చుకోదగ్గది. ఉదయం పూట పెద్దవాళ్ల షటిల్‌కు గంటకింత అని రుసుము పెట్టి, ఆ సొమ్మును హాలు ఖాతాలోనే జమచేస్తే కరెంటు బిల్లులో కొంతైనా గడుస్తుంది.

హాలుకు పెట్టవలసిన షరతులు

శంకుస్థాపన రాయి పడ్డాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా అప్పుడే నిర్వహణ నిబంధనలు అడగాలి, ఎందుకంటే హాలు తయారయ్యాక దాని మీద అందరి కన్నూ పడుతుంది. ఒక ఊళ్లో, పేరు అనవసరం, కొత్తగా వేసిన చెక్క నేల మీద ప్రదర్శనల కోసం ఇనుప కుర్చీలు ఈడ్చారు, భోజనాల రోజున సాంబారు గంగాళాలు దించారు. రెండో ఏటికి పలకలు ఉబ్బి, బంతి ఒక చోట మోకాలి దాకా, ఇంకో చోట నడుము దాకా లేచేది. ఎన్నికల లెక్కింపు వంటి ప్రభుత్వ అవసరాలకు ఇవ్వక తప్పదు, దానికి ఎవరమూ అడ్డు చెప్పలేము. పెళ్లిళ్లకు, అమ్మకాలకు ఇవ్వకూడదని, ఇతర అవసరాలకు ఏడాదికి ఇన్ని రోజులు మించకూడదని, ఇచ్చిన ప్రతిసారీ నేల మీద పరదా పరచాలని, నష్టపరిహారం ముందుగా జమ చేయించుకోవాలని రాయించండి.

ఆడపిల్లలకు సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు కోర్టు తప్పనిసరిగా కేటాయించాలని, ఇంటర్ తరవాత ఊళ్లోనే డిగ్రీ చదివే ఆటగాళ్లకు రుసుము ఉండకూడదని కూడా చేర్చండి. జూన్‌లో వెళ్లిపోయేవాళ్లలో ఒకరిద్దరినైనా ఆపేది ఈ చివరి వాక్యమే. నిర్వహణ కమిటీలో ఒక కోచ్, ఒక ఆటగాడి తల్లి లేదా తండ్రి ఉండాలి.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయించండి. మేము ఇప్పుడు ఆడే కోర్టు గేటుకు ఒకటే తాళంచెవి, అది కాపలాదారు నడుముకు వేలాడుతుంది, ఆయన సొంతూరికి వెళ్లిన రోజు పిల్లలు ఐదున్నరకు వచ్చి గోడ దూకుతారు. రెండో తాళంచెవి కోచ్ చేతిలో ఉండాలన్న ఒక్క వాక్యం కోసం మేము మూడు సోమవారాలు తిరిగాము, నాలుగో సోమవారం అది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది.