చేత్తో కొట్టిన ఫైటర్ కత్తి కొనాలంటే ముందు చేత్తో పట్టుకోండి

ఫైటర్ అంటే పోరాటపు తీరులో చేసే కత్తి. డమాస్కస్ అంటే పొరలు పొరలుగా అతికి కొట్టిన ఉక్కు. నా మొదటి డమాస్కస్ కత్తి ఆన్‌లైన్‌లో 70 డాలర్లకి వచ్చింది. ఫోటోలో నీళ్ళ మీద నూనె తెట్టులా మెలికలు తిరిగిన గీతలు చూసి పడిపోయాను. కొన్నాళ్ళకి పిడి దగ్గర తుప్పు మచ్చ కనపడితే ఎమరీ పేపర్‌తో రుద్దాను, మచ్చతోపాటు గీతలూ పోయాయి. అది మామూలే, నిజమైన డమాస్కస్ అయినా రుద్దితే గీతలు పోతాయి, కానీ ఫెర్రిక్ క్లోరైడ్ అనే లోహాన్ని కొరికే ద్రావణంలో ముంచగానే మళ్ళీ పైకి తేలాలి. నాదాన్ని ఎంతసేపు ముంచినా తేలలేదు, ఎందుకంటే లోపల పొరలే లేవు, పైన వేసిన బొమ్మ మాత్రమే.

కాబట్టి ఫోటో చూసి కొనొద్దు. ఇదొక్కటి గుర్తుంటే సగం డబ్బు మిగిలినట్టే.

అమెరికాలో ఉంటే మీకు పని సులువు. అట్లాంటాలో ఏటా జూన్‌లో బ్లేడ్ షో అనే కత్తుల ప్రదర్శన జరుగుతుంది. ఆ చుట్టుపక్కల ఆల్ఫరెటా, కమ్మింగ్ వైపు మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఒక్క శనివారం కేటాయించలేరా? కత్తులు చేసినవాళ్ళే టేబుల్ వెనక కూర్చుంటారు. అడగకుండా ముట్టుకోవద్దు, బ్లేడు మీద వేళ్ళు పెట్టొద్దు (చెమటకి కార్బన్ స్టీలు గంటల్లో మచ్చపడుతుంది), బొటనవేలితో పదును చూడటం అసలే వద్దు. తిరిగిచ్చేటప్పుడు చేతికివ్వకుండా టేబుల్ మీద పెట్టండి. మన ఇళ్ళలో కత్తి చేతికిస్తే గొడవలవుతాయంటారు కదా, ఆ అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఇక ఆ టేబుళ్ళ దగ్గర వినపడే మాస్టర్ అంటే ఎవరు? ఈ మాటని ఎవరికివాళ్ళు తగిలించుకోవచ్చు, కానీ అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఇచ్చే మాస్టర్ స్మిత్ హోదాకి మాత్రం పరీక్ష ఉంది. ఆ సంఘం 1976లో మొదలైంది, వెనక ఉన్నది మేరీల్యాండ్‌కి చెందిన విలియం మోరాన్. అమెరికాలో దాదాపు మరుగునపడిన పొరల ఉక్కుని 1973లో కత్తుల ప్రదర్శనకి తెచ్చి మళ్ళీ నిలబెట్టింది కూడా ఆయనే. పరీక్ష ఎలా ఉంటుందంటే, వేలాడదీసిన అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెంపాలి, 2x4 కలప దిమ్మెని రెండుసార్లు రెండు ముక్కలుగా నరకాలి, ఆ తర్వాత అదే అంచు చేతిమీద వెంట్రుకలు గీయగలగాలి, చివర్లో అదే బ్లేడుని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచాలి, విరగకూడదు. అంచు గట్టిగా ఉండాలి, వెన్ను మెత్తగా ఉండాలి, రెండూ ఒకే ఉక్కులో రావాలి. మొదటి మెట్టు జర్నీమ్యాన్‌కే ఇంత ఉంది. మాస్టర్‌కైతే ఈ పరీక్ష కత్తి కనీసం 300 పొరల డమాస్కస్‌ది అయి ఉండాలి, పైగా న్యాయనిర్ణేతల ముందు ఐదు కత్తులు పెట్టాలి, అందులో ఒకటి క్విలియన్ డాగర్, అంటే రెండువైపులా అంచుండి, పిడి దగ్గర అడ్డపట్టీ ఉన్న బాకు. 300 పొరలంటే భయపడకండి, ఐదు పొరల దిమ్మెని ఆరుసార్లు మడిచి అతికితే 320 అవుతాయి. కష్టమంతా ఏ అతుకులోనూ గాలి మిగలకుండా చూడటంలో ఉంది.

పాసైనవాళ్ళు గార్డు (పిడికీ బ్లేడుకీ మధ్య ఉండే అడ్డపట్టీ) దగ్గర పదును లేని చదును భాగం మీద తమ పేరుతోపాటు జె.ఎస్. (జర్నీమ్యాన్ స్మిత్) అనో ఎమ్.ఎస్. (మాస్టర్ స్మిత్) అనో ముద్ర వేస్తారు. ముద్ర లేదని తీసిపారేయొద్దు. రాబర్ట్ లవ్‌లెస్ అనే అమెరికన్ కత్తుల తయారీదారు పేరు తెచ్చుకున్నది కాల్చి కొట్టకుండా ఉక్కు పలకని కోసి అరగదీసే పద్ధతితో, అయినా ఆయన ఫైటర్ల కోసం కలెక్టర్లు ఎగబడతారు. అందుకే వాటికి నకిలీలూ ఉన్నాయి, కొత్తవాళ్ళు అటువైపు వెళ్ళకపోవడమే మంచిది.

ఇప్పుడు కత్తి చేతిలో ఉందనుకోండి. మొదట గార్డు, బ్లేడు కలిసే చోటుని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. వెంట్రుకవాసి వెలుగు కూడా దూరకూడదు. తర్వాత వెన్ను పైకి తిప్పి, ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు పిడి నుంచి మొన దాకా చూడండి, మందం గార్డు దగ్గర ఎక్కువగా ఉండి మొనవైపు క్రమంగా సన్నబడాలి, పిడి పక్కకి ఒరిగి ఉండకూడదు. గోరుతో పిడిమీద అడ్డంగా గీయండి, లోహం నుంచి చెక్కకి మారే చోట గోరు తట్టుకోకూడదు. చేత్తో పాలిష్ చేసిన గీతలన్నీ పొడవునా ఒకేవైపు సాగుతాయి, అక్కడక్కడ గీత చివర చేప గాలంలా వంకర కనపడితే చివర్లో తొందరపడ్డాడని అర్థం. నేనైతే నగిషీకంటే ముందు ఇవే చూస్తాను. ముత్యపు చిప్ప పిడి పెట్టి, వెండి తీగ పొదిగి, లోపల గార్డు దగ్గర సందు వదిలేసినవి చాలా చూశాను.

ఆఖరున బరువు. పెద్ద బూయీ కత్తి అయినా (బోవీ అనకండి, టెక్సాస్‌లో నవ్వుతారు) చేతిలోకి తీసుకోగానే మొన తేలిగ్గా ఆడాలి. 1827లో మిసిసిపీ నది ఇసుకతిన్నె మీద జరిగిన కొట్లాటతో జిమ్ బూయీ అనే ఆయన కత్తికి అంత పేరొచ్చింది, ఈ రకానికి ఆయన పేరే. అలంకారం ఎంత ఉన్నా ఆ వంశం కత్తి గడ్డపారలా తూగకూడదు.

ఎవరిది కొనాలి అంటే, కుర్ర జర్నీమ్యాన్‌ది కొనండి. మాస్టర్ ధరలో సగానికో అంతకంటే తక్కువకో వస్తుంది, పని మాత్రం చాలాసార్లు అంతే బాగుంటుంది, ఎందుకంటే మాస్టర్ పరీక్షకి తయారవుతూ ప్రాణం పెట్టి చేస్తుంటారు. ఉక్కు ఏదో అడగండి. 5160 అంటే స్ప్రింగు స్టీలు, మన ఊరి కమ్మరి లారీ కమాను ముక్కతో కొడవలి కొట్టినట్టే. డమాస్కస్ అయితే సాధారణంగా 1084, 15ఎన్20 అనే రెండు ఉక్కు రకాలు కలిపి కొడతారు, రెండోదాంట్లో నికెల్ ఉంటుంది కాబట్టి యాసిడ్‌కి నల్లబడకుండా తెల్లగా మెరుస్తుంది.

ఇక్కడ ఎవరైనా డమాస్కస్ చూపించి "ఇది మీ ఇండియా ఉక్కే" అంటే పొంగిపోకండి. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు వేరు, దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు, దాని గీతలు ఉక్కు చల్లారేటప్పుడు లోపలే ఏర్పడతాయి. ఈ పొరల డమాస్కస్ అతికి మడిచినది.

ఇండియాకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ముందు ఆగండి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు గొడవ ఉంది, 9 అంగుళాలకంటే పొడవో 2 అంగుళాలకంటే వెడల్పో ఉండి వంటకో పొలం పనికో కాని కత్తిని ఆయుధంగానే లెక్కేస్తారు. పిడి ఏనుగు దంతమో కణితి కొమ్మో అయితే వన్యప్రాణి చట్టం కూడా మీద పడుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఒక పూట గడపండి, పిడీ ఒరా ఎలా కుదరాలో అక్కడ కంటికి అలవాటవుతుంది.

దాచడం గురించి ఒక్క మాట. తోలు ఒరలో పెట్టి బీరువాలో పడేయొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది, ఇత్తడి గార్డు పచ్చగా చిలుం పడుతుంది, బ్లేడు తుప్పు పడుతుంది. పల్చగా మైనం పూసి, కత్తి వేరుగా, ఒర వేరుగా పెట్టండి. ఏ ఒర ఏ కత్తిదో చీటీ కట్టండి. నేను కట్టకుండా వదిలేసి, బలవంతంగా ఒకదాన్ని వేరేదాంట్లో దోపి, ఒర కుట్టు మొత్తం కోసుకున్నాను.