బొలార్డ్ లేవనంటే, దిగనంటే ఏం చూడాలి?

మాల్స్, ఐటీ ఆఫీసుల గేట్ల దగ్గర రోడ్డులోంచి పైకి లేచే స్తంభాల్లో (బొలార్డ్‌లు), నూనె ప్రెషర్‌తో లేచే హైడ్రాలిక్ రకం గురించే ఇది. ఏది ముట్టుకోవాలన్నా ముందు రెండు వైపులా కోన్లు పెట్టి, ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) ఆఫ్ చేసి తాళం వేయండి. ఆటో స్టార్ట్ జనరేటర్ ఉంటే మెయిన్ కరెంటు ఒక్కటే ఆపితే సరిపోదు.

వాన పడిన మర్నాడు లేవదు, లేదా సగంలో ఆగుతుంది

స్తంభం దిగే గొయ్యిలో నీళ్లు. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేసే ముందే మూత తీసి చూడండి. 80 సెంటీమీటర్లు లేచే బొలార్డ్‌కి గొయ్యి మీటరుకు పైనే లోతుంటుంది. అడుగున డ్రెయిన్ పైపు మట్టితో, ఆకులతో, గుట్కా కవర్లతో మూసుకుపోతే నీళ్లు లిమిట్ స్విచ్ దాకా వచ్చేస్తాయి. అప్పుడు స్తంభం ఎక్కడుందో కంట్రోలర్‌కి తెలియదు.

నీళ్లు తోడి, బురద తీశాక, ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. వెంటనే దిగిపోతే పైపు బాగున్నట్టే. బాగానే ఉన్నా వానకి మళ్లీ నిండుతోందంటే బయటి మ్యాన్‌హోల్ నుంచి నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి. నీళ్లను ఒక్క వైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి, అదీ కుదరకపోతే నీళ్లు తోడే సంప్ పంపు. గొయ్యిలో టేపు చుట్టిన కేబుల్ జాయింట్ కనబడితే తీసేయించి, జెల్ నింపిన జాయింట్ వేయించండి. టేపు ఒక్క వానాకాలం కూడా ఆగదు.

రోడ్డు ఖాళీగా ఉన్నా లేవదు

ప్యానెల్‌లో లూప్ డిటెక్టర్ (పైన బండి ఉందో లేదో రోడ్డు కింది వైరు చుట్టతో పసిగట్టే పరికరం) లైటు చూడండి. బండి లేకపోయినా వెలుగుతుంటే, రోడ్డు కింద వేసిన లూప్ వైరు తెగిందో, దాని పైపొర దెబ్బతిందో. వైర్లను డిటెక్టర్ నుంచి విప్పి మల్టీమీటర్ పెడితే కొద్ది ఓమ్‌లే చూపాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) భూమికి కొలిస్తే 10 మెగా ఓమ్‌లకు పైన ఉండాలి. తక్కువొస్తే లూప్ మళ్లీ వేయాల్సిందే, రోడ్డు కోయక తప్పదు. కొలతలు బాగుండి, పక్క లేన్‌లో బండి వచ్చినప్పుడే ఇది వెలుగుతుంటే రెండు లూప్‌లూ ఒకదాన్నొకటి కలవరపెడుతున్నాయి. ఒక డిటెక్టర్ ఫ్రీక్వెన్సీ మార్చితే చాలు.

చాలా చోట్ల ఈ తలనొప్పి పడలేక లూప్‌ని బైపాస్ చేసేస్తారు. అది రిపేరు కాదు. కారు మీద ఉండగానే బొలార్డ్ లేవకుండా ఆపేది ఆ లూపే.

బైకులను కొన్ని లూప్‌లు సరిగ్గా పసిగట్టవు. సెన్సిటివిటీ పెంచితే కొంత మేలే కానీ, టూ వీలర్లకు వేరే దారి ఇవ్వడమే నా లెక్కలో అసలు పరిష్కారం.

పంపు తిరుగుతుంది, స్తంభం కదలదు

ముందు ఆయిల్ లెవెల్. అది సరిగ్గా ఉండి, ఈమధ్యే ట్రాన్స్‌ఫార్మర్ పనో, జనరేటర్ మార్పో జరిగి ఉంటే త్రీ ఫేజ్ మోటార్ ఉల్టా తిరుగుతోందేమో చూడండి. శబ్దం వస్తుంది, ప్రెషర్ రాదు. ఫేజ్‌లు సప్లై దగ్గరే సరిచేయించండి. బొలార్డ్ ప్యానెల్‌లో మారిస్తే, రేపు సప్లై సరిచేసినప్పుడు మళ్లీ ఇదే గోల. దిశ కూడా సరిగ్గానే ఉంటే సోలనాయిడ్ వాల్వ్‌కి (కరెంటుతో పనిచేసి నూనెను మళ్లించేది) కరెంటు అందుతోందో లేదో చూడాలి.

లేచాక నెమ్మదిగా కిందికి జారుతుంది

గొయ్యిలో నూనె కనబడితే సిలిండర్ సీలో, హోసో పోయింది. బయట ఎక్కడా చుక్క లేకపోతే వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు, లేదా సిలిండర్ లోపలి సీల్ అరిగి ఉండొచ్చు. వాల్వ్ శుభ్రం చేయించడం చవక కాబట్టి అక్కడ మొదలుపెట్టండి.

కరెంటు పోయింది, బయట ఫైర్ ఇంజిన్ ఉంది

కొన్ని మోడళ్లు కరెంటు పోతే వాటంతట అవే దిగుతాయి. కొన్ని అలాగే నిలబడతాయి, చేత్తో దించాలి. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసి, చేత్తో దించే వాల్వ్ ఎక్కడుందో నైట్ షిఫ్ట్ సెక్యూరిటీకి చూపించండి. ఒకసారి వాళ్ల చేతే తిప్పించండి.