నాణెం మీది అక్షరం కనబడేలా ఫొటో తీయడం ఎలా?

హన్మకొండలో మా ఇంటి బీరువాలో నానమ్మ దాచిన చార్మీనార్ రూపాయి ఒకటి ఉంది. హైదరాబాద్ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వెండి నాణెం. చార్మీనార్ కమాను మధ్యలో 'ఐన్' అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం. చేతిలో పట్టుకుంటే చక్కగా కనబడే ఆ అక్షరం నేను తీసిన మొదటి ఫొటోలో లేదు. ఫ్లాష్ పడిన చోట తెల్లటి మచ్చ, మిగతాదంతా నలుపు. కెమెరా మంచిది కాదేమో అనుకున్నాను. లోపం కెమెరాలో లేదు, వెలుతురులో ఉంది. వెలుతురు ఎటునుంచి, ఎంత ఏటవాలుగా పడుతోందో చూసుకుంటే మామూలు డిజిటల్ కెమెరాతోనే మంచి ఫొటో వస్తుంది.

ముందుగా, నాణేన్ని తోమకండి

ఫొటోలో మెరవాలని చింతపండుతోనో పొడితోనో రుద్దాలనిపిస్తుంది. బడికి వెళ్లే రోజుల్లో ఒక రాగి నాణేన్ని ఇత్తడి బిందెలా తోమేశాను. ఏళ్లతరబడి పట్టిన ముదురు గోధుమరంగు పూత పోయి, పచ్చి గులాబీ రంగు తేలింది. ఆ పూత మళ్లీ రాలేదు, నాణేలు సేకరించేవారు ఇక దాన్ని చేత్తో ముట్టరు. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్టల్లో బయటపడిన శాతవాహన నాణేల్లో సీసంతో చేసినవీ ఉన్నాయి. సీసం మెత్తటి లోహం, పులుపు తగిలితే చెడుతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరచుకోండి.

పొలంలో దున్నుతుంటే పాత నాణేలు దొరికితే దారి వేరు. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. కదిలించకముందే, పక్కన ఒక స్కేలు పెట్టి, ఉన్నచోటే ఫొటో తీసి ఉంచండి. ఏ లోతులో, వేటితో కలిసి దొరికిందో ఆ ఫొటోయే చెబుతుంది.

కెమెరాను నిలబెట్టడం

చేత్తో పట్టుకుని తీయకండి. ట్రైపాడ్ ఉంటే కెమెరాను నేరుగా కిందికి చూసేలా బిగించండి. లేకపోతే రెండు వైపులా పుస్తకాలు పేర్చి, పైన పలక వేసి, దాని అంచున కెమెరాను ఆనించవచ్చు. కెమెరా నాణేనికి సమాంతరంగా లేకపోతే గుండ్రటి నాణెం కోడిగుడ్డులా కనబడుతుంది, ఒక అంచు మసకబారుతుంది. దీనికి సులువైన పరీక్ష ఉంది. నాణెం పెట్టబోయే చోట చిన్న అద్దం ముక్కను పరచి, కెమెరా తెరలో చూడండి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యలో కనబడితే కెమెరా సరిగా ఉన్నట్టే. అద్దం తీసి నాణెం పెట్టండి.

చిన్న కెమెరా అయితే దగ్గరి వస్తువుల కోసం ఉండే, పువ్వు గుర్తున్న మాక్రో మోడ్ పెట్టండి. మరీ దగ్గరికి తెస్తే కెమెరా నీడే నాణెం మీద పడుతుంది. కాస్త దూరం నుంచి తీసి, తర్వాత అంచులు కత్తిరించుకోవడమే మేలు. ఫ్లాష్ ఆపేయండి. వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ 100 లేదా 200, లెన్సు రంధ్రం ఎఫ్ 8 దగ్గర ఉంచండి. షట్టర్ నొక్కినప్పటి అదురు తగలకుండా 2 సెకన్ల టైమర్ వాడండి.

వెలుతురు

పెంబర్తి ఇత్తడి పళ్లెం మీది నగిషీని గమనించినవారికి ఈ సంగతి తెలుసు. పళ్లేన్ని కాస్త వంచితే గాని గీతలు తేలవు. నాణెమూ అంతే. నాణేన్ని గడియారం ముఖం అనుకోండి. 10 అంకె వైపు ఒక టేబుల్ దీపం, 2 అంకె వైపు మరొకటి పెట్టండి. రెండింటిలోనూ ఒకే రంగు ఎల్‌ఈడీ బల్బులు ఉండాలి. గదిలో ట్యూబులైటు వెలుగుతుంటే ఆపేయండి. లేకపోతే వెండి ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా వస్తుంది. పక్కన తెల్ల కాగితం పెట్టి, అది తెల్లగానే కనబడేలా కెమెరాలో వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి.

వెలుతురు కింది వైపు నుంచి పడితే విచిత్రం జరుగుతుంది. ఉబ్బెత్తుగా ఉన్న మినార్లు లోపలికి చెక్కినట్టు కనబడతాయి. వెలుగు పైనుంచే వస్తుందని మన కన్ను అలవాటుగా అనుకుంటుంది మరి. అందుకే దీపాలు నాణెం తలవైపే ఉండాలి.

అరిగిపోయిన నాణేనికి దీపాన్ని కిందికి దించండి. వెలుతురు ఉపరితలాన్ని రాసుకుంటూ వెళ్లి, మిగిలిన కాస్త గీతకూ నీడ పుట్టిస్తుంది. కొత్తగా తళతళలాడే నాణేనికి దీపాన్ని పైకి ఎత్తి, ముందు బటర్ పేపర్ అడ్డం పెట్టండి. పగలైతే ఉత్తరం కిటికీ పక్క నీడ వెలుతురు బాగుంటుంది. మన వేసవి ఎండ నేరుగా పడితే మాత్రం వెండి మీది గీతలన్నీ మెరుపులో కలిసిపోతాయి.

నేపథ్యం గురించి ఎక్కువ ఆలోచించక్కరలేదు. నాణేన్ని చిన్న సీసా మూత మీద ఎత్తిపెడితే కింది కాగితం మసకబారి, నీడ దూరంగా పడుతుంది. తెల్ల కాగితం మీద తీస్తే కెమెరా మోసపోయి నాణేన్ని నల్లగా చూపిస్తుంది. అప్పుడు, ఫొటో ఎంత వెలుగుగా రావాలో నిర్ణయించే ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచండి.

అభ్యాసానికి జేబులోని రూపాయి నాణెం చాలు. సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకసాలది, వజ్రం ఆకారం ముంబైది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఆ నక్షత్రం అయిదు కొనలూ విడివిడిగా కనబడేదాకా దీపాన్ని కొంచెం కొంచెం జరుపుతూ తీయండి. తర్వాత పాత నాణేల జోలికి వెళ్లండి.

బొమ్మ, బొరుసు రెండూ ఒకే దూరం నుంచి, ఒకే వెలుతురులో తీసి పక్కపక్కన చేర్చండి. కంప్యూటర్‌లో రంగులు మార్చకండి, గీతలు తుడిపేయకండి. ఫైలు పేరులో పాలకుడు, సంవత్సరం, బరువు రాయండి. మా చార్మీనార్ రూపాయి బరువు 11 గ్రాముల పైచిలుకు.

చివరిగా ఫొటోను తెరమీద పెద్దది చేసి చూడండి. కమానులోని ఐన్ వంపు కలిసిపోయినట్టుంటే, దీపాన్ని ఒక అంగుళం జరిపి మళ్లీ తీయండి.