వెలిగే నాక్ అమర్చిన బాణాన్ని వేటకు సిద్ధం చేసుకునే విధానం

బాణం తోక చివర నారికి తగిలించే గాడి ముక్కే నాక్. సాధారణ నాక్ 10 గ్రెయిన్ల (బాణాల బరువుకు వాడే చిన్న కొలత) లోపే తూగుతుంది. బ్యాటరీ, ఎల్‌ఈడీ ఇమిడిన వెలిగే నాక్ తరచుగా 20 గ్రెయిన్లు దాటుతుంది. ఈ అదనపు బరువంతా తోక చివరే చేరడం వల్ల 400 గ్రెయిన్ల బాణంలో తూకపు బిందువు (బాణం రెండువైపులా సమంగా నిలిచే చోటు) సుమారు అర అంగుళం వెనక్కి జరిగి, ముఖ్యంగా బ్రాడ్‌హెడ్ (వేటకు వాడే పదునైన అంచుల మొన) బిగించినప్పుడు, గమనంలో నిలకడ తగ్గవచ్చు. వేగంలో తగ్గుదల స్వల్పమే.

మొనను 100 నుంచి 125 గ్రెయిన్లకు పెంచితే తూకం తిరిగి ముందుకొస్తుంది. అయితే బాణం కాడ మరింతగా వంగుతుంది కాబట్టి బాణాన్ని కాగితం గుండా వదిలి, చిరుగు గుండ్రంగా పడుతోందో (అంటే బాణం తిన్నగా వెళ్తోందో) లేదో చూడాలి.

అంతకన్నా కీలకం నారిపై పట్టు: నారికి వేలాడదీసిన బాణం దానంతటది జారకూడదు, నారిని వేలితో తట్టగానే ఊడాలి. పట్టు వదులైతే నారి తోపుకు వెలగాల్సిన దీపమే వెలగకపోవచ్చు. సాధనలోనూ ఇవే నాక్‌లు వాడి సైటు పిన్నులు (విల్లుపై గురి చూసే సూచికలు) సరిచేసుకోవాలి. బాణానికి విద్యుత్ పరికరాలను నిషేధించే ప్రాంతాలున్నాయి గనుక స్థానిక వేట నిబంధనలను ముందే చూసుకోవాలి.