“తగ్గింది కదా” అని పడుకోకండి: చలికాలంలో గుండె జాగ్రత్తలు

పోయిన ఆదివారం మా పక్క వీధిలో ఒకాయన పోయారు. 46 ఏళ్లు. శనివారం రాత్రి పదకొండింటికి ఛాతీ మధ్యలో బరువుగా ఉందన్నారట, ఒళ్లంతా చెమటలు పట్టాయట, అరగంటలో సర్దుకుందట. “తగ్గింది కదా, పొద్దున్నే చూపించుకుందాంలే” అని పడుకున్నారు. పొద్దున్న లేవలేదు. కార్తీకం వచ్చింది, చలి ముదురుతోంది, సంక్రాంతి దాకా ఇలాంటి కబుర్లు వింటూనే ఉంటాం, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

సిగరెట్ మానండి, నడవండి, నూనె తగ్గించండి... ఇవన్నీ మీకు తెలిసినవే, నేను మళ్లీ చెప్పను. నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట గురించే. తగ్గింది కదా.

మూడేళ్ల కిందట మా పెదనాన్న కూడా ఇదే అన్నారు. రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చుని ఎడమ చెయ్యి పిసుక్కుంటుంటే పెద్దమ్మ గ్లాసులో గ్యాస్ పొడి కలిపి ఇచ్చింది, అది బుసబుసా పొంగుతుండగానే తాగేశారు, పెద్ద త్రేన్పు వచ్చింది, మూడింటికల్లా నొప్పి తగ్గింది. ఇద్దరూ ఆ త్రేన్పును నమ్మారు. ఆసుపత్రికి చేరేసరికి మర్నాడు పదకొండు. స్టెంట్ వేశారు, మనిషి దక్కారు, కానీ ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ 28 శాతం అని వచ్చింది. మామూలుగా అది 55 పైన ఉండాలి. వడియాల పళ్లెం నెత్తిన పెట్టుకుని డాబా ఎక్కే మనిషి ఇప్పుడు గుమ్మం నుంచి గేటు దాకా వెళ్లేలోపు ఒకసారి ఆగుతారు.

నొప్పి ఎందుకు తగ్గుతుందో తెలిస్తే ఆ మాట ఎవరూ అనరు. గుండె రక్తనాళం గోడలో కొవ్వు పేరుకుని ఉంటుంది, దాని మీద పల్చటి పొర ఉంటుంది. ఆ పొర చిట్లగానే ప్లేట్‌లెట్లు గుంపుగా వచ్చి పడి రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒకచోట స్థిరంగా ఉండదు. కొంత కరుగుతుంది, దారి కాస్త తెరుచుకుంటుంది, నొప్పి తగ్గుతుంది, గంటకో తెల్లవారుజామునో మళ్లీ మొత్తం మూసుకుపోతుంది. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్లకైతే నరాలు దెబ్బతిని ఉంటాయి, లోపల కండరం చస్తున్నా నొప్పి సరిగ్గా తెలియదు. అంటే నొప్పి తగ్గడం అనేది దేనికీ సాక్ష్యం కాదు.

ఈలోపు టైమ్ నడుస్తూనే ఉంటుంది. 1977లో రైమర్, జెన్నింగ్స్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కుక్కల గుండెలో ఒక రక్తనాళాన్ని కట్టేసి చూశారు. రక్తం అందని భాగంలో, గుండె గోడ మందంలో 40 నిమిషాలకు సుమారు 38 శాతం చచ్చిపోయింది, 3 గంటలకు 57, 6 గంటలకు 71. లోపలి పొరలో మొదలై అల లాగా బయటికి పాకింది. మనుషుల్లో పక్క నాళాల నుంచి ఎంత రక్తం అందుతుందన్న దాన్ని బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ వరుస ఇదే. మా పెదనాన్న తొమ్మిది గంటలు ఆగారు.

నేను గుండె కణాల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంటాను. మైక్రోస్కోపు కింద ప్లేటులో ఆ కణాలు టక్ టక్ మని కొట్టుకుంటూ కనిపిస్తాయి. ఆక్సిజన్, గ్లూకోజ్ ఆపేస్తే లయ తప్పుతుంది, ఒక మూల ఆగుతుంది, తర్వాత ఇంకో మూల. త్వరగా తిరిగి ఇస్తే కొన్ని మళ్లీ మొదలుపెడతాయి. ఆలస్యమైతే ఎంత ఇచ్చినా కదలవు. చూసిన ప్రతిసారీ నాకు ఆ గ్యాస్ పొడి గ్లాసే గుర్తొస్తుంది.

పోయిన కండరం తిరిగి రాదా అని అందరూ అడుగుతారు. జీబ్రాఫిష్ అనే చిన్న చేపకు గుండె కింది గదిలో ఐదో వంతు కోసేసినా మళ్లీ పెరుగుతుంది. ఎలుక పిల్లకు పుట్టిన మొదటి కొద్దిరోజులే ఆ శక్తి ఉంటుంది, వారం దాటితే పోతుంది. మనిషి సంగతి 2009లో స్వీడన్‌లో యోనాస్ ఫ్రీసెన్ బృందం తేల్చింది, అదీ 1950, 60ల అణుబాంబు పరీక్షల వల్ల గాల్లోకి వచ్చి మన డీఎన్‌ఏలో చేరిన కార్బన్‌ను కొలిచి: 25 ఏళ్ల వయసులో గుండె కండర కణాలు ఏడాదికి ఒక శాతం కొత్తవి వస్తాయి, 75కి అర శాతం కూడా లేదు. పెద్ద గుండెపోటులో వంద కోట్ల కణాల దాకా పోవచ్చు. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చ పట్టి ఉంచుతుంది కానీ పంప్ చేయదు.

అందుకే ఇంకో జాగ్రత్త. మా పెదనాన్నకు ఒక క్లినిక్ వాళ్లు ఫోన్ చేసి స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) ఎక్కిస్తే గుండె కొత్తదవుతుందని లక్షలు అడిగారు. కట్టకండి. ఎముక మజ్జ కణాలు గుండె కండరంగా మారతాయన్న ఆశ 2001 నుంచి ప్రపంచాన్ని ఊపేసింది, చివరికి 2018లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ ఒక పేరున్న ల్యాబ్ నుంచి వచ్చిన 31 పేపర్లను వెనక్కి తీసుకోవాలని చెప్పింది, లెక్కలు తప్పుడువని. నిజంగా ప్రయత్నిస్తున్నవాళ్లు ఉన్నారు, పని జరుగుతోంది, కానీ అది ట్రయల్, అంటే ఇంకా పరీక్షిస్తున్న వైద్యం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నియమాల ప్రకారం ట్రయల్‌కు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఇక ఈ మూడు నెలల సంగతి.

చలి. చల్లటి నీళ్లు మీద పడగానే చర్మం కింది నాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఒక్కసారిగా లేస్తుంది, రక్తం త్వరగా గడ్డకట్టే వైపు మొగ్గుతుంది. పైగా తెల్లవారుజామున బీపీ ఎలాగూ పెరిగే వేళ. స్టెంట్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు కార్తీక స్నానం గోరువెచ్చటి నీళ్లతో ఇంట్లో చేయండి. ఏటి ఒడ్డున నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలు, దేవుడికి తెలుసు.

దీక్ష. మాల వేసుకున్న స్వాముల్లో కొందరు నలభై రోజులు బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఆపేస్తారు. ఇది ప్రాణం తీసే పని. ఒంటిపూట భోజనమైతే మాత్రల వేళలు డాక్టరును అడిగి మార్చుకోండి, మానకండి. శబరిమలలో పంపా నుంచి ఎక్కేటప్పుడు నీలిమల, అప్పాచిమేడు దగ్గర ఎక్కుడు బాగా నిట్టనిలువు, అక్కడే వైద్య కేంద్రాలు కూడా ఉంటాయి. ఛాతీ పట్టేస్తే కూర్చోండి, వాళ్లను పిలవండి. కాసేపటికి సర్దుకుంది కదా అని మళ్లీ ఎక్కకండి. అక్కడ కూడా అదే మాట, తగ్గింది కదా.

జ్వరం. కెనడాలోని ఒంటారియోలో 2018లో వచ్చిన పరిశోధనలో ఫ్లూ తేలిన వారం రోజుల్లో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు కనిపించింది. 60 దాటినవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఫ్లూ టీకా గురించి డాక్టరును ఇప్పుడే అడగండి.

మిగతావి గుర్తొచ్చిన వరుసలో రాస్తున్నాను.

ఛాతీ, దవడ, భుజం, పైపొట్ట, ఎక్కడైనా సరే, బరువూ చెమటా కలిసి వస్తే 108కి ఫోన్ చేయండి. తగ్గినా చేయండి.

బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. తనే నడుపుకుంటూ వెళ్లనివ్వకండి.

మెట్లు నడిపించి దింపకండి, స్ట్రెచర్ వచ్చేదాకా ఆగండి.

నాలుక కింద పెట్టే మాత్ర పక్కింటి వాళ్ల దగ్గర తెచ్చి పెట్టకండి, బీపీ పడిపోతే మనిషి అక్కడే పోతాడు.

ఆస్పిరిన్ ఇవ్వాలా వద్దా అన్నది 108 వాళ్లనో డాక్టరునో ఫోన్‌లో అడగండి, అల్సర్, రక్తస్రావం ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

దగ్గుతూ ఉంటే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో వస్తుంది. అబద్ధం.

మొదటి ఈసీజీ నార్మల్ వచ్చిందని ఇంటికి వచ్చేయకండి. కాసేపాగి మళ్లీ తీయమనండి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రొటీన్‌ను చూసే రక్తపరీక్ష) చేయమనండి. ట్రోపోనిన్ కూడా కొన్ని గంటలు ఆగితేనే పెరుగుతుంది, రెండోసారి చేయమని అడగడానికి మొహమాటపడకండి.

పోయిన నెల టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీసే ఈసీజీ) బాగుంది అనే ధీమా వద్దు. నాళాన్ని సగం కూడా మూయని కొవ్వు చిట్లినా గుండెపోటు వస్తుంది, దాన్ని టీఎంటీ పట్టదు.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో, స్టెంట్ వేసేది ఎక్కడో, ఈ వారమే కనుక్కోండి. రాత్రి రెండింటికి కాదు.

స్టెంట్ వేయించుకున్నవాళ్లు పన్ను పీకించుకోవడానికి కూడా మాత్రలు సొంతంగా ఆపకండి.

మనిషి పడిపోయి ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కండి, రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120. పక్కటెముక విరుగుతుందేమోనని ఆగకండి.

ఇంట్లో ఆడవాళ్లు “నీరసంగా ఉంది, వెన్ను లాగుతోంది, ఆయాసంగా ఉంది” అంటే పనెక్కువైందిలే అనకండి.

పెద్దవాళ్లు తగ్గింది, పడుకోండి అంటే వాళ్ల మాట వినకండి. తిట్టినా తీసుకెళ్లండి.

పాత ఈసీజీ కాగితం పారేయకండి, ఫొటో తీసి ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి. కొత్తదాన్ని దాని పక్కన పెట్టి చూస్తే డాక్టరుకు తేడా త్వరగా తెలుస్తుంది.